మూడో వరుస ఏసీ కంప్లయింటు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవారికి తల నెరిసి ఉండాలని, శాలువా కప్పుకున్న ఫొటో ఒకటైనా ఉండాలని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. నాకు రెండూ లేవు. ముప్పై నిండకముందే కార్ల అమ్మకం నుంచి రిటైరయ్యాను. రిటైరవడమంటే సన్మానం, చేతి గడియారం లాంటివేం జరగలేదు. ఒక సోమవారం పొద్దున షోరూముకు వెళ్లడం మానేసి ఇంట్లో పడుకున్నాను. బుధవారం దాకా అక్కడ ఎవరూ గమనించలేదు. ఇప్పుడు ఆత్మకూరులోనే టెంట్ హౌస్ నడుపుతున్నాను. పెళ్లిళ్లకు, దినాలకు కుర్చీలు అద్దెకిస్తాను. అదీ మనుషుల్ని కూర్చోబెట్టే వ్యాపారమే. కాకపోతే ఇందులో వరుసలు ఎన్నయినా వేసుకోవచ్చు, ఏ వరుసవాళ్లూ వచ్చి ఏసీ రావడం లేదనరు.

ఈ మధ్య మా పాత షోరూములో కొత్తగా చేరిన తమ్ముళ్లు ఇద్దరు నా దగ్గరికొచ్చి, "అన్నా, ఏడు సీట్ల బండి ఎట్టా అమ్మాల?" అని అడిగారు. అమ్మడం చాలా తేలిక తమ్ముళ్లూ. మైలేజీ చెప్పి, సన్‌రూఫ్ తెరిచి చూపిస్తే చాలు. మన వైపు ఎండలకు నెత్తి మీద కిటికీ ఎందుకని అడిగినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. కష్టమంతా అమ్మిన తర్వాతే మొదలవుతుంది. అందుకని మీకు ఒక బండి సంగతి చెబుతాను. ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. నేను చేసిందల్లా ఒక పూట వెనక సీట్లో ఇరుక్కుని కూర్చోవడం.

మా షోరూం నెల్లూరు రోడ్డు మీద ఉండేది. నెల్లూరులో ఉన్న అసలు షోరూముకు ఇది పిల్ల షోరూం. ముందు అద్దాలు, లోపల రెండు బండ్లు, వెనక రేకుల షెడ్డులో సర్వీసు. అద్దాల వైపు మేనేజరు, రేకుల వైపు మెకానిక్కు, మధ్యలో నేను. మేనేజరు కస్టమరును ఎప్పుడూ 'మన కుటుంబ సభ్యుడు' అనేవాడు. సొంత కుటుంబ సభ్యులు ఫోన్ చేస్తే మాత్రం కట్ చేసేవాడు. మెకానిక్కు కొండాపురం మనిషి, నాకంటే బాగా పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ని. ఏ బండి వచ్చినా ఆయన ముందు బానెట్ ఎత్తడు, ఓనరు ముఖం చూస్తాడు. "సగం రిపేర్లు బండిలో ఉండవురా" అనేవాడు. మిగతా సగం కూడా ఆయన చేతికి సులువుగా దొరికేవి కావు, అది వేరే సంగతి.

ఒక వేసవిలో ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయన కుటుంబంతో సహా దిగాడు. నిమ్మతోట, మెట్ట పొలాలు, ఊళ్లో ఏ పంచాయితీ జరిగినా మధ్యలో వేసే కుర్చీ, ఇవన్నీ ఆయనవి. వెంట ఆయన భార్య, పెద్ద కొడుకు, పెద్ద కోడలు, వాళ్ల చిన్నపిల్ల, చిన్న కొడుకు, చిన్న కోడలు. మొత్తం ఏడుగురు. వచ్చింది మాత్రం సగం మంది బైకుల మీద, సగం మంది ఆటోలో.

షోరూం సోఫాలో కూర్చున్న తీరులోనే ఆ ఇంటి రాజ్యాంగం తెలిసిపోయింది. పెద్దాయన మధ్యలో. ఒక పక్క పెద్ద కొడుకు, ఇంకో పక్క పెద్దమ్మ, అంటే ఆయన భార్య. పెద్ద కోడలికి కుర్చీ, ఆమె ఒళ్లో పిల్ల. చిన్న కొడుకు సోఫా చేతి మీద. చిన్న కోడలికి ఏదీ మిగల్లేదు. మిగల్చాలని ఎవరూ అనుకున్నట్టు కూడా లేదు. ఆమె మూలన నిలబడి మా ప్లాస్టిక్ మొక్కకు దుమ్ము ఉందేమో వేలితో చూస్తోంది. ఉంది.

"పెద్ద బండి కావాలబ్బయ్యా" అన్నాడు పెద్దాయన. "ఏడుగురం ఒకే బండిలో పోవాల."

"రెండు చిన్న బండ్లు చాలు నాయనా అని చెప్తానే ఉండా. అన్నకొకటి, నాకొకటి" అన్నాడు చిన్న కొడుకు.

"రెండు బండ్లు వస్తే రెండు పొయ్యిలు వస్తాయి రా" అన్నాడు పెద్దాయన, వాడి వైపు చూడకుండా. తర్వాత నా వైపు తిరిగాడు. "మా ఊళ్లో వేరు పడని ఇల్లు ఇంక మాదొక్కటే ఉండాది అబ్బయ్యా. నేను బతికుండంగా పడగూడదు. బండి ఒకటే ఉంటే యాడికి పోయినా అందరూ కలిసే పోతారు. అందుకే కొంటుండా, ఇంకెందుక్కాదు."

ప్రమాదం జరిగితే మనుషుల్ని కాపాడటానికి గాలి సంచులు ఎక్కడెక్కడ ఉంటాయో నాకు ట్రైనింగులో చెప్పారు. ఉమ్మడి కుటుంబాన్ని కాపాడేది ఎక్కడ ఉంటుందో చెప్పలేదు. నేను బ్రోచరు తిరగేసి, "అన్నీ ఉన్నాయి పెద్దాయనా" అన్నాను.

మూడో వరుస గురించి మాత్రం దాచలేదు. "ఒకసారి వెనక కూర్చొని చూడండి. కొంచెం ఇరుకుగా ఉంటుంది" అన్నాను.

"నేనెందుకు కూర్చుంటానబ్బయ్యా వెనక?" పెద్దాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మీరు కాకపోయినా, ఎవరో ఒకరు కూర్చోవాలి కదా."

అందరి తలలూ ఒక్కసారిగా ప్లాస్టిక్ మొక్క వైపు తిరిగాయి.

ఈ బండ్లలో మూడో వరుసకు తలుపు ఉండదు తమ్ముళ్లూ. రెండో వరుసలో ఎడమ పక్క సీటుకు ఒక లివరు ఉంటుంది. అది లాగి సీటును ముందుకు మడిస్తే సందు వస్తుంది. ఆ సందులో వంగి, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలిని ఏం చేయాలో ఆలోచించుకుంటూ వెనక్కి జారాలి. చిన్న కోడలు కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కింది. మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాయి. ఆరుగురు బయట నిలబడి చూస్తున్నారు.

"ఎట్టుండాదిమే?" అంది పెద్దమ్మ.

"బాగుండాదత్తా."

అంతమంది చూస్తుండగా బాగాలేదని చెప్పే మనిషి కోసం నేను ఉద్యోగం చేసినంత కాలం వెతికాను. దొరకలేదు.

డెలివరీ రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. సొంత తోటవి కాబట్టి ఒకటికి రెండు పెట్టారు. పెద్దాయన ఏడు సీట్లకూ బొట్లు పెట్టించాడు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఇక ఎక్కడం. ఆ ఇంట్లో అన్నానికి కూర్చునే వరుస ఒకటి ఉందట, అదే వరుస బండిలోకి వచ్చింది. స్టీరింగు పెద్ద కొడుకుది, పక్క సీటు పెద్దాయనది. రెండో వరుసలో కుడి కిటికీ పెద్ద కోడలిది, మధ్య పిల్లది, ఎడమ కిటికీ పెద్దమ్మది. అన్నంలో ఆఖరి పంక్తి ఎవరిదో బండిలో ఆఖరి వరుస వాళ్లది. చిన్న కొడుకూ కోడలూ లోపలికి జారిన తర్వాత పెద్దమ్మ సీటు వెనక్కి పడింది, ఆవిడ కూర్చుంది, టక్కుమని తాళం పడింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. జీతంలో అదీ ఒక భాగం.

నెల తిరక్కుండా చిన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, వెనక ఏసీ రావట్లేదు. మా ఆడమనిషికి ఊపిరాడట్లేదు."

బండి వచ్చింది. మెకానిక్కన్న మూడో వరుసలోకి దూరి, తలుపులు మూయించుకుని, ఏసీ పెట్టించుకుని కూర్చున్నాడు. ఎండకు మా షెడ్డు రేకులు చిటపటమంటున్నాయి. ఎంతసేపటికీ బయటికి రాకపోతే వెళ్లి చూశాను. నిద్రపోతున్నాడు.

"ఏందన్నా?"

"ఐస్ ఫ్యాక్టరీలాగా ఉండాదిరా లోపల. దీనికేం రోగం?"

అయినా ఫిల్టరు మార్చాం. మళ్లీ ఫోన్ వచ్చింది. గ్యాస్ చూశాం. మళ్లీ ఫోన్. మూడోసారి మేనేజరు స్వయంగా కల్పించుకుని, కస్టమరు సంతోషమే మన సంతోషమని చెప్పి, ఒక సెంటు డబ్బా ఉచితంగా బిగించమన్నాడు. అలా మేము ఊపిరాడని మనిషికి మల్లెపూల వాసన వేశాం.

కొన్నాళ్లకు పెద్దాయన ఒక్కడే బస్సు దిగి వచ్చాడు. బండి ఉండగా బస్సులో వచ్చాడంటేనే నాకు భయమేసింది. సోఫాలో ఈసారి ఒక చివర కూర్చున్నాడు.

"ఆ ఏసీ ఏందో బాగు చెయ్యబ్బయ్యా. చిన్నోడు వేరు పోతానంటుండాడు."

"ఏసీ కోసమా?"

"అడిగితే ఏసీ అనే అంటాడు. మేం ఆ బండెక్కం, మా బతుకు మేం బతుకుతాం అంటాడు. ఆ పిల్లని అడిగితే ఏం లేదు మామా అంటది. వచ్చే వారం కలువాయిలో మా మేనకోడలి గృహప్రవేశం ఉండాది. దానికి పోయొచ్చినాక తేల్చుకుందాం నాయనా అన్నాడు. ఈలోపల బాగైతే నా ఇల్లు ఒకటిగా ఉంటది. లేకుంటే..." అని ఆగి, ప్లాస్టిక్ మొక్కను చూసి, "దీనికి నీళ్లు పొయ్యరా?" అన్నాడు. మనిషి నిజంగా కలతలో ఉన్నాడు.

మెకానిక్కన్న వచ్చి ఆయన ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ఇది రేకుల కింద అయ్యే పని కాదు. నువ్వు పోయి ఆ వెనక సీట్లో కూర్చోరా, కలువాయి దాకా" అన్నాడు. మేనేజరు కూడా ఒప్పుకున్నాడు. కస్టమరు అనుభవాన్ని దగ్గరగా చూడాలని ఆయన ఎప్పటి నుంచో అంటున్నాడు. ఎవరిని దగ్గరగా కూర్చోబెట్టాలో మాత్రం ఆ రోజే తేలింది.

గృహప్రవేశం రోజు మొదటి బస్సుకు ఉదయగిరి వెళ్లాను. సీట్లు ఏడు, నాతో కలిపి ఎనిమిది మంది. చిన్న కొడుకు వెంటనే "నేను బైకు మీద వస్తాలే" అన్నాడు. నాకోసం త్యాగం చేస్తున్నాడనుకున్నాను. వాడి ముఖంలో ఆ సంతోషం చూశాక అనుకోవడం మానేశాను. చిన్న కోడలిని నా పక్కన కూర్చోబెట్టే ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాదు కాబట్టి పిల్లను ఒళ్లోకి తీసుకుని ఆమె రెండో వరుస మధ్యలోకి వచ్చింది. మూడో వరుసలో నేను, ఒక ఇత్తడి గంగాళం, ఒక బస్తా నిమ్మకాయలు.

బండి కదిలింది. ఏసీ చల్లగా ఉంది. నేను బుద్ధిమంతుడిలా ఆ సంగతి ఫోన్‌లో రాసుకున్నాను. ఇక రాసుకోవడానికి ఏమీ లేదు. ముందు వాళ్ల తలల వెనక భాగాలు కనిపిస్తున్నాయి. పక్కనున్న అద్దం కిందికి దిగే రకం కాదు, దాన్ని కంపెనీవాళ్లు అతికించేశారు. ముందు ఏదో జోకు వేసుకుని నవ్వుకున్నారు, నాకు నవ్వు మాత్రమే వినిపించింది. గొర్రెల మంద అడ్డమొచ్చి బండి ఆగితే ఆ గొర్రెలు కూడా నాకంటే విశాలంగా నిలబడి ఉన్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా గంగాళం నా మీద వాలేది. దాన్ని కౌగిలించుకుని కూర్చున్నాను.

ఆత్మకూరుకు ముందు ఒక టీ కొట్టు దగ్గర ఆపారు. అందరూ దిగారు, పెద్దమ్మ తప్ప. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఒకసారి ఎక్కిందంటే ఊరొచ్చేదాకా దిగదు, టీ ఆవిడ దగ్గరికే వస్తుంది. నేను లేవబోయాను. తల పైకప్పుకు తగిలింది. అప్పుడు విషయం అర్థమైంది. ఆవిడ దిగితేనే ఆ సీటు మడుస్తుంది. సీటు మడిస్తేనే నేను దిగుతాను.

"దిగుతావా అబ్బయ్యా?" అంది పెద్దమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"దిగాలంటే మీరు దిగాలమ్మా."

"అయితే ఎందుకులే, కూర్చో. మా చిన్నకోడలు కూడా దిగదు. దానికి టీ అలవాటు లేదు."

అద్దంలోంచి చూస్తే ఆ టీ అలవాటు లేని మనిషి కొట్టు ముందు నిలబడి రెండో గ్లాసు తాగుతోంది. బైకు మీద వచ్చిన మొగుడు ఏదో అంటే చేతి గ్లాసు తొణికేలా నవ్వుతోంది. షోరూములో, ఇంట్లో నేను చూసిన మనిషేనా అని పరీక్షగా చూశాను. ఆమే. కాసేపటికి ఆమె నాకోసం ఒక గ్లాసు పట్టుకొచ్చి కుడి తలుపు వైపు నుంచి సీటు మీదుగా అందించింది.

"తీసుకో తమ్ముడూ. వెనక కూర్చున్నోళ్లకి కూడా నోరుంటాదని ఎవురికీ గుర్తుండదు."

"మీకు టీ అలవాటు లేదంట కదక్కా?"

ఆమె అత్తగారి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "వెనకుంటే లేదు" అంది.

"ఏసీ మాత్రం చల్లగా ఉండాదక్కా."

"ఎవురు కాదన్నారు? నాకు ఊపిరాడట్లేదు అన్నా. మా ఆయన దాన్ని ఏసీ అనుకున్నాడు. మగోళ్లకి ఏదో ఒకటి రిపేరు చేయించాల గదా."

"మరి మీరు చెప్పుండొచ్చు కదా."

"ఏమని చెప్పేది? అత్త మోకాళ్లు నొప్పులుగా ఉండాయి, అయినా నాకోసం పదిసార్లు లేచి నిలబడాల అనా? మా ఆయనకేం, వెనక డిక్కీ తలుపు తీయించుకుని సీటు మీదుగా దూకేస్తాడు. చీర కట్టుకున్నోళ్లు దూకుతారా? వాళ్లు ఎక్కించినప్పుడు ఎక్కేది, దించినప్పుడు దిగేది. ఆ గంగాళానికీ నాకూ ఏం తేడా?"

గంగాళాన్ని చూశాను. దానికి టీ కూడా ఎవరూ తేలేదు.

తర్వాత పెన్న దగ్గర ఆపారు, పెద్దమ్మ తప్ప అందరూ దిగి నీళ్లు చూశారు. నేను వాళ్లను చూశాను. ఇంకో ఊళ్లో పూలు కొన్నారు. ఇంకెక్కడో చుట్టం కనిపిస్తే అరగంట మాట్లాడారు. కలువాయిలో పెద్దమ్మ దిగి నా సీటు మడిచేసరికి నా కాళ్లు నాతో రావడానికి ఒప్పుకోలేదు. కొత్త ఇంటి ముందు చుట్టాలంతా చూస్తుండగా గంగాళం ఒకరు దించారు, నన్ను ఇంకొకరు దించారు.

భోజనాలయ్యాక పెద్దాయన నన్ను వేప చెట్టు కిందికి తీసుకెళ్లాడు. ఇంట్లోవాళ్లంతా చుట్టూ చేరారు. "చెప్పబ్బయ్యా. ఏసీకి ఏమైంది?"

"ఏసీ బాగుండాది పెద్దాయనా. వెనక వరుసకు తలుపు లేదు, అదీ సంగతి. పెద్దమ్మ దిగితే గానీ చిన్నక్క దిగలేదు. అందుకని ఆమె దిగట్లేదు."

"అయితే తలుపు పెట్టించు."

"కంపెనీవాళ్లు పెట్టరు. పెద్దమ్మను కుడి కిటికీకి మార్చండి, పెద్దక్కను ఎడమ కిటికీకి. సరిపోతుంది."

పెద్ద కోడలు వెంటనే, "అంటే ఆమె దిగినప్పుడల్లా నేను దిగి తలుపు తెరిచి నిలబడాలనా?" అంది. పెద్ద కొడుకు నేల చూశాడు. చిన్న కొడుకు, "చూసినావా నాయనా, ఇందుకే చెప్పేది. రేపే వేరు పోతాం" అన్నాడు. పెద్దమ్మ, "నా మోకాళ్ల వల్ల ఇల్లు రెండైందని ఊరంతా చెప్పండిరా ఇంక" అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలకు లడ్డూ కంటే ఇదే బాగుంది.

పెద్దాయన చెయ్యెత్తాడు. "ఆపండెహె. వెనక కూర్చుంటే అంత కష్టమా? ఇప్పుడు పొయ్యేటప్పుడు నేను కూర్చుంటా. చూపిస్తా."

అందరూ వద్దన్నారు. వద్దన్న కొద్దీ ఆయనకు పట్టుదల పెరిగింది. తెల్ల పంచె ఎగ్గట్టి సందులో దూరాడు. సగం దూరాక పంచె సీటు కొక్కేనికి పట్టుకుంది. ముందుకు పోలేక, వెనక్కి రాలేక కాసేపు అలాగే ఊరందరికీ వీపు చూపించాడు. ఎలాగో కూలబడ్డాడు. పెద్దమ్మ సీటు టక్కుమని పడింది. ఇప్పుడు ముందు సీటు ఖాళీ. అందులో కూర్చోవడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ వరుసల్లో దేనిలోనూ లెక్కకు రానివాణ్ని కాబట్టి నన్ను కూర్చోబెట్టారు. ఊరి పెద్దమనిషి సీటులో కూర్చుని నేను ఆత్మకూరు వైపు బయలుదేరాను.

కాసేపు వెనక నుంచి, "ఎడమకు పోనీ, ఆ లారీని దాటు, మెల్లగా" అని వినిపించింది. పాటలు వస్తుండటం వల్ల పెద్ద కొడుక్కి వినపడలేదు.

పొద్దున ఆగిన టీ కొట్టు దగ్గరే ఆపాం. అందరం దిగాం. పెద్దమ్మ యథాప్రకారం కూర్చుంది. వెనక నుంచి పెద్దాయన, "నన్ను దిగనీమే" అన్నాడు.

"ఏం దిగుతావులే, కూర్చో. టీ తెస్తారు" అంది పెద్దమ్మ. ఆవిడ మాటలో కోపం గానీ, పంతం గానీ లేదు. వెనక కూర్చున్న మనిషికి చెప్పే మాట అది, చెప్పింది.

మేము టీలు తాగుతున్నాం. నల్లద్దం వెనక పెద్దాయన చేతులూపుతున్నాడు, నోరు కదుపుతున్నాడు. సౌండు తీసేసిన టీవీలో నాయకుడిలా ఉన్నాడు. పిల్ల టాటా చెప్పింది. పెద్ద కొడుకు, "నాయన హుషారుగా ఉండాడే" అన్నాడు. ఆయన అద్దం మీద గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు.

మాలో ఎవరికీ అర్థం కాకముందే చిన్న కోడలు గ్లాసు బల్ల మీద పెట్టి బండి దగ్గరికి వెళ్లి తలుపు తెరిచింది.

"అత్తా, లేవండి. మామ దిగాల."

"టీ తెస్తే ఆడనే కూర్చొని తాగుతాడులేమే."

"టీకి కాదు. లేవండత్తా."

రెండోసారి అన్నప్పుడు గొంతులో మెత్తదనం లేదు. ఆ ఇంట్లో ఆమె అత్తగారికి లేవమని చెప్పడం అదే మొదటిసారి అని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో ఉరుములు ఉరమడం లాంటివేం జరగలేదు. ఒక ఆర్టీసీ బస్సు దుమ్ము లేపుతూ పోయింది. పెద్దమ్మ ఆమె భుజం పట్టుకుని దిగింది. చిన్న కోడలు లివరు లాగింది, కొక్కేనికి పట్టుకున్న పంచె విడిపించింది, మామగారి చెయ్యి పట్టుకుని బయటికి తీసింది. పెద్దాయన ఎవరితోనూ మాట్లాడకుండా, వీలైనంత హుందాగా, వీలైనంత వేగంగా కొట్టు వెనక తుమ్మ చెట్ల వైపు వెళ్లిపోయాడు.

తిరిగొచ్చి, ముఖం కడుక్కుని, బల్ల మీద కూర్చుని టీ తాగాడు. తాగుతూ చిన్న కోడలిని అడిగాడు.

"నువ్వు ఎనకాల కూర్చున్నప్పుడు ఇట్టాంటిది వస్తే ఏం చేసేదానివమ్మా?"

ఆమె బల్ల మీద వదిలిన తన గ్లాసు తీసుకుంది.

"పోవాల్సిన రోజు పొద్దున్నించీ నీళ్లు తాగేదాన్ని కాదు మామా."

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. పెద్దమ్మ ఆమె వైపు, తర్వాత తన మోకాళ్ల వైపు చూసుకుంది. పెద్ద కోడలు పిల్ల జడ సవరించింది, అది బాగానే ఉంది. నాకు ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వస్తుంది. ఆ రోజు రాలేదు. టీ కొట్టు మనిషి వచ్చి, "ఇంకో రౌండు వెయ్యమంటారా?" అని అడిగి మమ్మల్ని కాపాడాడు.

ఆ వారంలోనే కబురు తెలిసింది. వేరు పడ్డారు. చిన్న కొడుకు అడగలేదట. పెద్దాయనే ఇద్దరినీ పిలిచి, "ఆ పిల్లకి ఒక ఇల్లు చూడండిరా" అన్నాడట. మేనేజరు నన్ను పిలిచి, "ఉదయగిరి కంప్లయింటు క్లోజేనా?" అన్నాడు. క్లోజ్ సార్ అన్నాను. "ఏసీ?" అన్నాడు. చల్లగా ఉంది సార్ అన్నాను. ఆయన ఆనందంగా టిక్కు పెట్టుకున్నాడు. నేను షెడ్డులోకి వెళ్లి మెకానిక్కన్నతో, "ఆయన బండి కొన్నది ఒక్క పనికే అన్నా, అదే కాలేదు" అన్నాను. అన్న టైరు విప్పుతూ, "బండి బాగానే ఉండాది కదరా" అన్నాడు. ఓదార్పులో ఆయన అంతకంటే ముందుకు పోలేడు.

చాలా నెలల తర్వాత, అప్పటికి నేను ఉద్యోగం మానేశాను, ఒక ఆదివారం ఆత్మకూరు మార్కెట్టులో ఆ బండి వచ్చి ఆగింది. స్టీరింగు దగ్గర పెద్ద కొడుకు. పక్కన, పెద్దాయన సీటులో, చిన్న కోడలు. కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. రెండో వరుసలో పెద్దమ్మ కుడి కిటికీకి మారింది, మధ్యలో పెద్ద కోడలు. ఎడమ కిటికీ నుంచి పెద్దాయన దిగి, తనే లివరు లాగి సీటు మడిచి, బస్సు కండక్టరులా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వెనక నుంచి పిల్ల, దాని వెనక చిన్న కొడుకు దిగారు.

"ఏంది పెద్దాయనా, వేరు పడినారని విన్నా?"

"పడినాం అబ్బయ్యా. మా వీధిలోనే, ఆ చివర ఉండారు."

"మరి ఏడుగురూ ఒకే బండిలో ఉండారే?"

"వేరు పొయ్యినాక వాళ్లు చుట్టాలైనారు గదా" అన్నాడు, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "చుట్టాల్ని ఎనకేసి తీసుకుపోతే ఊళ్లో ఏమనుకుంటారు? చిన్నోడంటే నా బిడ్డే, యాడైనా కూర్చుంటాడు. ఆ పిల్ల ముందు కూర్చుంటది. నాకు ఈడ లేచేది కూర్చునేది అలవాటైపోయింది."

ఆయన పెద్దమ్మకు బత్తాయిలు కొనడానికి వెళ్లాడు. నేను ముందు కిటికీ దగ్గరికి వెళ్లాను. చిన్న కోడలు అద్దం కిందికి దించింది. చేతిలో నీళ్ల సీసా ఉంది, సగం ఖాళీ అయింది.

"ఎట్టుండాదక్కా బండి?"

"బండికేం తమ్ముడూ. ముందైతే వస్తావా అని అడిగేదే లేదు, ఎక్కండి అంటే ఎక్కేది. ఇప్పుడు మామ ముందు రోజే ఫోన్ చేస్తాడు. వస్తావామ్మా, పని ఏమన్నా ఉండాదా అని. ఒకసారి కావాలనే రానన్నా."

"అప్పుడేం చేసినాడు?"

"బండి తియ్యలేదంట ఆ రోజు. తర్వాతి ఆదివారానికి మళ్లా అడిగినాడు."